వీడియోలో సౌండ్ ఎందుకంత ముఖ్యం? బారెడు దూరం, జానెడు దూరం లెక్క

శిరివెళ్ల నుంచి మాట్లాడుతున్నా. వీడియోలు మొదలుపెట్టాలనుకునే పిల్లలు కనబడితే నన్ను అడిగే మొదటి మాట, "అన్నా, ఏ కెమెరా కొనాల?" మైకు గురించి అడిగేవాళ్లు పదిమందిలో ఒకరు కూడా ఉండరు. అందుకే ఈ ఎపిసోడ్‌లో కెమెరా జోలికి పోకుండా మొత్తం సౌండ్ గురించే మాట్లాడుకుందాం.

ముందు ఒక చిన్న పరీక్ష. మీరు రోజూ చూసే ఏదైనా వీడియో తీసుకోండి. పాఠం కావచ్చు, వంట కావచ్చు, సినిమా రివ్యూ కావచ్చు. సౌండ్ మొత్తం తీసేసి రెండు నిమిషాలు చూడండి. తర్వాత ఫోన్ బోర్లా పెట్టి, అదే వీడియోని రెండు నిమిషాలు వినండి. ఎప్పుడు ఎక్కువ అర్థమైంది? డ్యాన్స్ రీల్ అయితే వేరే సంగతి. మనిషి మాట్లాడే వీడియో ఏదైనా వింటేనే విషయం దొరుకుతుంది.

డేటా అయిపోయే టైముకి 144పీలో, ముఖం కూడా సరిగ్గా కనపడని బొమ్మతో మనమంతా వీడియోలు చూసినోళ్లమే. బొమ్మ మసగ్గా ఉంటే సర్దుకుంటాం. మాట గుయ్యిమంటూ బావిలోంచి వచ్చినట్టు వినబడితే మాత్రం వేలు దానంతటదే పైకి తోసేస్తుంది.

ఇంతవరకూ చాలామందికి తెలిసిందే. అసలు విషయం ఇంకొకటుంది. సౌండ్ బాగాలేకపోతే జనం వీడియో ఆపేస్తారు, సరే. ఆపకుండా చివరిదాకా చూసినవాళ్లు కూడా ఆ మాట్లాడే మనిషిని తక్కువగా అంచనా వేస్తారు.

మైకు బాగాలేకపోతే మనిషి మీద అపనమ్మకం

ఇది నా అభిప్రాయం కాదు. ఆస్ట్రేలియాకి చెందిన ఎరిన్ న్యూమన్, అమెరికాలో పనిచేసే నార్బర్ట్ ష్వార్జ్ అనే ఇద్దరు పరిశోధకులు 2018లో ఒక అధ్యయనం ప్రచురించారు. శాస్త్రవేత్తలు కాన్ఫరెన్సులో మాట్లాడిన వీడియోలు తీసుకున్నారు. మాట అదే, మనిషి అదే, బొమ్మ అదే. కొంతమందికి సౌండ్ శుభ్రంగా ఉన్నది, ఇంకొంతమందికి సౌండ్ పాడుచేసినది చూపించారు. సౌండ్ బాగాలేనిది చూసినవాళ్లు, ఆ పరిశోధన అంత ముఖ్యమైనదేం కాదన్నారు. ఆ శాస్త్రవేత్తకి తెలివి కూడా తక్కువే అన్నట్టు మార్కులేశారు. రేడియో ఇంటర్వ్యూలతో చేసినా అదే ఫలితం. మైకు చేసిన తప్పుకి మార్కులు పోయింది మనిషికి.

2025లో అమెరికాలోని యేల్ యూనివర్సిటీలో బ్రయాన్ షోల్ బృందం ఇంకొక అడుగు ముందుకేసింది. వాళ్లు వాడింది అర్థంకాని సౌండ్ కాదు. ప్రతి మాటా అర్థమవుతుంది, కాకపోతే గొంతు రేకు డబ్బాలోంచి వచ్చినట్టు ఉంటుంది. చవక మైకుతో వీడియో కాల్‌లో మాట్లాడితే వస్తుందే, ఆ గొంతు. మాటలన్నీ సరిగ్గా వినబడినా సరే, ఆ గొంతున్న మనిషికి ఉద్యోగం ఇవ్వొచ్చా, వాళ్లు చెప్పేది నమ్మొచ్చా అని అడిగితే తక్కువ మార్కులొచ్చాయి.

ఉద్యోగం అన్నాను కదా, ఇక్కడ కాస్త ఆగుదాం. నంద్యాలలో, కర్నూలులో ఇంజనీరింగ్ ఫైనలియర్ చదివే మీలో చాలామందికి మొదటి రౌండ్ ఇంటర్వ్యూ ఇప్పుడు ఫోన్‌లోనో ల్యాప్‌టాప్‌లోనో జరుగుతోంది. పైన ఫ్యాన్, బయట బోరు మోటారు, రేకుల గది. మీరు మంచి జవాబే చెప్తారు. అవతల హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినేవాళ్లకి మాత్రం, తమకే తెలియకుండా, మీ మీద నమ్మకం కొంచెం తగ్గుతుంది. వాళ్లకి మీ మీద కోపమేం లేదు, మీరు చెప్పింది వినడానికి వాళ్ల మెదడు ఎక్కువ కష్టపడాల్సి వస్తోంది, అంతే. ఆ కష్టాన్ని మీ ఖాతాలో రాసేస్తుంది.

చెవికి వినపడేది వేరు, మైకుకి వినపడేది వేరు

"అన్నా, నాకు ఫ్యాన్ సౌండ్ అసలు వినపడలేదే, రికార్డింగ్‌లో ఎందుకింత వచ్చింది?" అనే డౌట్ అందరికీ వస్తుంది. పెళ్లింట్లో వందమంది మాట్లాడుతున్నా, మన పక్కనున్న బావ చెప్పేది మనం వింటాం. 1953లో కోలిన్ చెర్రీ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త ఈ శక్తి మీద ప్రయోగాలు చేశాడు. రెండు చెవులూ వేరువేరుగా విన్నదాన్ని మెదడు పోల్చి, కావలసిన గొంతుని పట్టుకుని మిగతాదాన్ని పక్కన పెడుతుంది. మైకుకి ఆ మెదడు లేదు. ఫ్యాన్, ఫ్రిజ్, వీధిలో ఆటో, మీ మాట, అన్నిటినీ కలిపి ఒకే కుండలో పోసేస్తుంది. ఒకసారి కలిసిపోయాక విడదీయడం కష్టం. అందుకే కలవకముందే జాగ్రత్తపడాలి.

అసలు సూత్రం: బార, మూర, జాన

ఈ ఎపిసోడ్‌లో ఒక్కటే గుర్తుపెట్టుకోవాలంటే ఇది గుర్తుపెట్టుకోండి. మైకు ధర కంటే మైకు దూరం ముఖ్యం.

మన పాత కొలతల్లో చెప్తా, సులభంగా ఉంటుంది. రెండు చేతులూ చాపితే బార. మోచేతి నుంచి వేలి కొస దాకా మూర. బొటనవేలి నుంచి చిటికెనవేలి దాకా చేయి చాపితే జాన. బారకి నాలుగు మూరలు, మూరకి రెండు జానలు. అంటే ఒక బారకి ఎనిమిది జానలు.

సౌండ్‌కి ఒక లెక్క ఉంది. దూరం రెట్టింపైన ప్రతిసారీ, నోటి నుంచి నేరుగా వచ్చే శబ్దం 6 డెసిబెళ్లు తగ్గుతుంది. దూరం సగమైతే 6 డెసిబెళ్లు పెరుగుతుంది. ట్రైపాడ్ మీద ఫోన్ పెట్టి బారెడు దూరంలో మీరు నిలబడ్డారు అనుకోండి. అదే మైకుని కాలర్ కింద, నోటికి జానెడు దూరంలో పెడితే, దూరం మూడుసార్లు సగమైంది. మూడు ఆర్లు 18 డెసిబెళ్లు. శక్తి లెక్కలో 64 రెట్లు.

ఇప్పుడు ఫ్యాన్ సంగతి చూడండి. అది గదంతా పరుచుకుని ఉంది. మైకు బారెడు దూరంలో ఉన్నా జానెడు దూరంలో ఉన్నా ఫ్యాన్ శబ్దం దాదాపు అంతే. గోడలకి తగిలి తిరిగొచ్చే ప్రతిధ్వని కూడా అంతే. మైకు దగ్గరికి తెస్తే మీ మాట ఒక్కటే పెరిగింది, చెత్త పెరగలేదు. వేల రూపాయల మైకుని కెమెరా మీద బారెడు దూరంలో పెట్టడం కంటే, ఫోన్‌తో వచ్చిన వైర్డ్ ఇయర్‌ఫోన్ మైకుని నోటికి జానెడు దూరంలో పెట్టడం చాలాసార్లు మెరుగ్గా ఉండేది ఇందుకే.

తొంభై ఏళ్ల కిందట కూడా ఇదే గొడవ

ఇది కొత్త సమస్య అనుకోకండి. ఇండియాలో మొదటి టాకీ ఆలం ఆరా, 1931 మార్చి 14న బొంబాయిలో విడుదలైంది. స్టూడియో పక్కనే రైలు పట్టాలు. పగలు తీస్తే రైలు శబ్దం రికార్డవుతుంది. అందుకని ఎక్కువ భాగం రాత్రి ఒంటిగంట నుంచి నాలుగింటి మధ్య, రైళ్లు ఆగిన టైములో తీశారు. మైకులు కెమెరాకి కనపడకుండా నటీనటుల దగ్గర్లోనే దాచిపెట్టారు. జానెడు సూత్రం వాళ్లకి అప్పుడే తెలుసు.

మరుసటి ఏడాది, 1932 ఫిబ్రవరి 6న మన తెలుగు టాకీ భక్త ప్రహ్లాద వచ్చింది. హెచ్.ఎం. రెడ్డి డైరెక్టర్. ప్రహ్లాదుడి కథ అంటే మన ఆళ్లగడ్డ పక్కనున్న అహోబిలం కథే. అందులో నటించిన సురభి కమలాబాయిది సురభి నాటక కుటుంబం. సురభి నాటకాలు పుట్టింది కూడా దూరమేం కాదు, 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో. మైకు లేకుండా ఆఖరి వరుస దాకా వినిపించేలా గొంతు పెంచుకున్న నాటక సమాజం అది. అలాంటివాళ్లకి కూడా సినిమాలో మైకు ఎక్కడుందో చూసుకునే నటించాల్సి వచ్చింది.

ఈ మధ్య కాలానికొస్తే రంగస్థలం, 2018 సినిమా. అందులో హీరో చిట్టిబాబుకి సరిగ్గా వినపడదు, అందుకని ఊళ్లో అతని పేరు సౌండ్ ఇంజనీర్. అదే సినిమాకి 66వ జాతీయ అవార్డుల్లో సౌండ్ మిక్సింగ్‌కి ఎం.ఆర్. రాజాకృష్ణన్ అవార్డు తీసుకున్నారు. వినపడని మనిషి కథ చెప్పాలన్నా సౌండ్ మీద అంత పని చేయాలి మరి.

తెలుగులో వాక్యం తోక చాలా ముఖ్యం

ఇప్పుడు మన భాషకి సంబంధించిన సంగతి ఒకటి. మాటలో అచ్చులకి బలం ఎక్కువ, హల్లులకి తక్కువ. స లాంటి హల్లు పలికితే వచ్చే గాలి శబ్దం ఎక్కువగా 4000 హెర్ట్జ్ పైనే ఉంటుంది. పాతకాలం ఫోన్ లైను 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకే మోసేది. అందుకే ఫోన్‌లో ఇంటిపేరు చెప్తే రెండుసార్లు అడిగేవాళ్లు. ఇప్పటి వోల్టీ కాల్స్‌లో అది సుమారు 7000 దాకా పెరిగింది, మాట తేటగా ఉండేది అందుకే.

ఇంకో చిక్కుంది. తెలుగులో ఎవరు చేశారు, చేయాలా వద్దా అన్నది మాట చివర్లో ఉంటుంది. చెప్పాను, చెప్పాడు, చెప్పారు, తేడా అంతా ఆఖరి అక్షరమే. మనం మాట్లాడేటప్పుడు గొంతు తగ్గించేది కూడా సరిగ్గా అక్కడే. ఒక రైతన్న మిరప చేలో నిలబడి, "పూత మీదున్నప్పుడు ఈ మందు కొట్టగూడదు" అన్నాడు అనుకోండి. "కొట్ట" దాకా గట్టిగా వినబడి, "గూడదు" గాలిలో కలిసిపోతే? వినేవాడికి అర్థం తలకిందులవుతుంది. వాడి చేను, వాడి అప్పు. సౌండ్ అనేది వీడియో అందంగా ఉండడానికే అనుకునేవాళ్లకి నేను చెప్పే జవాబు ఇది.

"ఏఐ ఉంది కదన్నా, అదే క్లీన్ చేస్తుంది" అంటారు. చేస్తుంది, నేనూ వాడతా. గుయ్యిమనే ఫ్యాన్ లాంటి ఒకేరకం శబ్దాన్ని బాగానే తీసేస్తుంది. కానీ ఈ టూల్స్‌కి ఏది మాట, ఏది చెత్త అన్నది ఒక అంచనా మాత్రమే. మెల్లగా పలికిన చివరి అక్షరాన్ని చెత్త అనుకుని కోసేయొచ్చు. గట్టిగా వాడితే గొంతు ఎవరిదో కాకుండా పోతుంది. "వస్తాండా", "పోతాండా" అనే మన సీమ యాసలో రుచంతా ఆ చివర్లోనే ఉంది. అందుకని క్లీన్ చేసిన తర్వాత ఒకసారి పాత ఆడియో పక్కన పెట్టి, మాటలు పోయాయేమో వినండి. టూల్ బలం 100 పెట్టకుండా తగ్గించి చూడండి.

మన ఇళ్లలో, మన ఊళ్లో ఎలా తీయాలి

సరే, పని మొదలుపెడదాం. డబ్బు పెద్దగా ఖర్చుకాని పద్ధతులే చెప్తా.

మొదటిది, టైము. శిరివెళ్ల మెట్ట దగ్గర 40వ నంబరు జాతీయ రహదారి మీద లారీలు ఆగవు. ఆలం ఆరా వాళ్ల ఉపాయమే మనకీ. తెల్లవారుజామున ఐదింటికి గది ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో ఒకసారి రికార్డ్ చేసి, సాయంత్రం ఆరింటితో పోల్చండి.

రెండోది, ఫ్యాన్. మన ఎండల్లో ఫ్యాన్ లేకుండా గంటసేపు కూర్చోమని నేను చెప్పను. మూడు నిమిషాల ముక్కలుగా తీయండి. తీసేటప్పుడు ఆపండి, ఆగినప్పుడు వేసుకోండి. ఆపలేకపోతే కనీసం ఆ గాలి నేరుగా మైకుకి తగలకుండా చూడండి. ఫ్యాన్ మోత కంటే మైకుకి కొట్టే గాలి ఎక్కువ పాడుచేస్తుంది. పొలంలో తీస్తే మైకుకి బొచ్చు తొడుగు తప్పనిసరి.

మూడోది, గది. ఖాళీ గది, నాపరాయి బండలు, సున్నం గోడలు, ఇవన్నీ శబ్దాన్ని బంతిలా తిప్పి కొడతాయి. పరుపులు, బొంతలు, బట్టలు వేలాడే దండెం ఉన్న గదిలో తీయండి. కెమెరాకి కనపడని వైపు రెండు మందపాటి దుప్పట్లు వేలాడదీయండి, ముఖ్యంగా మీ ముఖానికి ఎదురుగా ఉన్న గోడ వైపు. ధాన్యం బస్తాలు పేర్చిన గది దొరికితే స్టూడియో దొరికినట్టే.

నాలుగోది, రెండో ఫోన్. ఇంట్లో పాత ఫోన్ ఉంటే దానికి ఇయర్‌ఫోన్ మైకు తగిలించి, వాయిస్ రికార్డర్ ఆన్ చేసి జేబులో వేసుకోండి. ఏరోప్లేన్ మోడ్ మర్చిపోవద్దు. వీడియో వేరే ఫోన్‌లో తీయండి. మొదట్లో ఒకసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. ఎడిటింగ్‌లో రెండింటిలోనూ ఆ చప్పట్ల గీత ఒకచోటికి జరిపితే పెదవులకి, మాటకి సరిపోతుంది. ఎక్కువసేపు తీస్తే రెండు ఫోన్ల టైము కొంచెం కొంచెంగా జరుగుతుంది, కాబట్టి మధ్యమధ్యలో మళ్లీ చప్పట్లు కొట్టండి.

ఐదోది, లెవెల్. యాప్‌లో సౌండ్ మీటరు ఉంటే, గట్టిగా మాట్లాడినప్పుడు ముల్లు మైనస్ 12 దగ్గర ఆడాలి. సున్నాని తాకితే గొంతు పగిలిపోతుంది. తక్కువ సౌండ్‌ని కొంచెం పెంచుకోవచ్చు. పగిలిన సౌండ్ మాత్రం ఒలికిన పాల లాంటిది, ఎత్తుకోలేం.

ఆరోది, బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్. మాట కంటే 18 నుంచి 20 డెసిబెళ్లు కిందకి ఉంచండి. చివరికి మీరు వాడే హెడ్‌ఫోన్స్‌తో పాటు మామూలు ఫోన్ స్పీకర్‌లో కూడా పెట్టి వినండి. చూసేవాళ్లలో ఎక్కువమంది వినేది అందులోనే. వీడియో సౌండ్ మరీ ఎక్కువుంటే యూట్యూబ్ దాన్ని తగ్గిస్తుంది. తక్కువుంటే మాత్రం పెంచుతుందని నమ్ముకోకండి. తక్కువగా పెడితే తక్కువగానే పోవచ్చు.

ఆన్‌లైన్ ఇంటర్వ్యూ ఉన్నవాళ్లకి ప్రత్యేకంగా ఒక మాట. చాలా బ్లూటూత్ ఇయర్‌బడ్స్ పాట వినేటప్పుడు బాగుంటాయి. కాల్‌లో మైకు ఆన్ కాగానే వాటి క్వాలిటీ పడిపోతుంది. ఆ రేకు డబ్బా గొంతు అక్కడి నుంచి కూడా రావచ్చు. వైర్డ్ ఇయర్‌ఫోన్ వాడండి. దాని మైకు చొక్కాకి రాసుకోకుండా చూడండి. ముందురోజు ఫ్రెండ్‌కి కాల్ చేసి, రికార్డ్ చేయించుకుని, మీ గొంతు మీరే వినండి.

మళ్లీ తీయలేనివి

చివరగా ఒక్క మాట. మీ గొంతు బాగా రాలేదనుకోండి, రేపు మళ్లీ తీసుకుంటారు. కానీ మీరు వేరేవాళ్ల దగ్గరికి పోయి తీసేవి ఉంటాయి. ఆళ్లగడ్డలో శిల్పాలు చెక్కే పెద్దాయన రాయి ఎలా ఎంచుకుంటారో చెప్తుంటారు, పక్కనే కటింగ్ మిషన్ తిరుగుతుంటుంది. మీ అవ్వ నాట్లేసేటప్పుడు పాడుకున్న పాట పాడుతుంటుంది, లోపల టీవీ మోగుతుంటుంది. ఒక్క ఐదు నిమిషాలు ఆ మిషన్ ఆపమని అడగండి. టీవీ ఆపేయండి. మైకు అవ్వ నోటికి జానెడు దూరంలో పెట్టండి.

ముఖం ఒక ఫోటోలో అయినా మిగులుతుంది. గొంతు రికార్డింగ్‌లో తప్ప ఇంకెక్కడా మిగలదు. పైగా ఇందాక చూశాం కదా, సౌండ్ బాగాలేకపోతే వినేవాళ్లు తక్కువ చేసేది ఆ చెప్పే మనిషినే. నలభై ఏళ్ల అనుభవమున్న మనిషి మన వీడియోలో ఏమీ తెలియనివాడిలా వినబడితే, నష్టం ఆయనకి. కాబట్టి కొత్త ఫోన్‌కి డబ్బులు దాచుకుంటున్నవాళ్లు, ముందు ఉన్న ఫోన్‌తోనే మైకుని దగ్గరికి జరిపి ఒక వీడియో తీయండి. తీశాక కళ్లు మూసుకుని వినండి. చివరి అక్షరం దాకా వినబడిందంటే మీ వీడియో సగం పైన పూర్తయినట్టే.

వచ్చే ఎపిసోడ్‌లో ఎడిటింగ్ యాప్‌లో ఆడియోని ఎలా సరిచేయాలో స్టెప్ బై స్టెప్ చూద్దాం. అప్పటిదాకా ఉంటా మరి. నమస్తే.